లేపేవాడు

పసుపు ఎక్కువైతే కళ్లు మండుతాయి, తక్కువైతే అవి ఉత్త నీళ్లే. అందుకని చెంబులో పసుపు కలిపేటప్పుడు ఏకాంబరం ఎవరితోనూ మాట్లాడడు. ఆ తెల్లవారుజామున కూడా వాకిట్లో గొంతుక్కూర్చుని, ఇత్తడి చెంబును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చూపుడువేలితో నింపాదిగా కలియబెడుతున్నాడు. మధ్యమధ్య వేలు పైకి తీసి వెలుతురుకు పట్టి చూసుకుంటున్నాడు. ఆ వేళ్లకు ఏ రంగూ సరిగా అంటదు. వయసులో ఉన్నప్పటి నుంచీ చిత్తూరు మండీలో తోతాపురి కాయల్ని ఏరుతూ, మచ్చవి ఒక పక్కకీ మంచివి ఒక పక్కకీ వేస్తూ వచ్చిన వేళ్లవి. మామిడి సొన తాగి నల్లబడిపోయాయి.

మునిలక్ష్మి గడపలో నిలబడి చూస్తోంది. రాత్రి ఆయన లేచి రొమ్ము రుద్దుకుంటూ కూర్చుంటే జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. గ్యాసని ఆయన, గ్యాసేనని ఆమె, ఒకరికొకరు చెప్పుకుని పడుకున్నారు. ఆయన నిద్రపోయాడు. ఆమెకు మాత్రం సరిగా నిద్ర పట్టలేదు.

"ఈపొద్దు పోకపోతే ఏమి? వాళ్ల నీళ్లు వాళ్లు తాగలేరా?" అంది.

"ఈపొద్దు కాకుంటే ఎప్పుడు పొయ్యేది? ఈపొద్దే గదా ఢిల్లీబాబు సచ్చేది."

ఇంకో ఇంట్లో అయితే ఈ మాటకు చేతిలో గిన్నె జారి కిందపడేది. మునిలక్ష్మి లోపలికి పోయి, డబ్బాలో మధ్యాహ్నానికి పులుసన్నం పెట్టి, మూత బిగించి తెచ్చి వైరుబుట్టలో పెట్టింది. ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఇలాంటి మాటలు వింటూనే ఉంది.

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దోవలో రోడ్డు దిగి కొండల వైపు మళ్లితే గుండ్లపల్లె. ఆ ఊళ్లో ఏటా ఎండాకాలం మొదట్లో వీధినాటకం ఆడతారు. తాతల నాటి నుంచి ఒకటే నాటకం, దాని పేరు కోట తలుపు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. పొద్దుగూకాక ఎవరొచ్చినా కోట తలుపు తియ్యనని ఒక పాళెగాడు అమ్మవారి ముందు ఒట్టు పెట్టుకుంటాడు. ఒక సాయంత్రం యుద్ధం నుంచి కొడుకు తిరిగొస్తాడు, వెంట దెబ్బలు తిన్న నలుగురు బంట్లు, వాళ్ల వెనకాలే శత్రువులు. అప్పటికే పొద్దుగూకింది. తలుపు తియ్యి నాయనా అని కొడుకు బయట, తియ్యలేను నాయనా అని తండ్రి లోపల. తెల్లారి తలుపు తీస్తే గడప ముందు అయిదు శవాలు. అంతే కథ. ప్రతి పాటా ఊరంతటికీ కంఠతా వచ్చు, అయినా ఆ తలుపు తీసేసరికి ప్రతి ఏడూ ఊరంతా ఏడుస్తుంది.

గుండ్లపల్లెలో ఇంటికొక పని ఉంది ఈ నాటకంలో. ఒక ఇంటివాళ్లు తలుపు చేస్తారు, ఒక ఇంటివాళ్లు మద్దెల వాయిస్తారు, రెడ్ల ఇంటివాళ్లు ఎప్పుడూ పాళెగాడే. ఏకాంబరం ఇంటిది అందరికంటే చివరి పని. నాటకంలో చచ్చినవాళ్లు పాట అయిపోయినా లేవకూడదు. లేపేవాడు పసుపునీళ్ల చెంబూ వేపరెబ్బా పట్టుకుని వచ్చి, ఒక్కొక్కరి ముఖాన చిలకరించి, వేషం పేరుతో కాక అమ్మానాయన పెట్టిన పేరుతో పిలుస్తాడు. ఫలానావాడా, లేసి రా నాయనా, ఇంటికి పోదాం అంటాడు. పడుకున్నవాడు వస్తాండా అనాలి. అన్నాకే లేవాలి. అలా పిలిపించుకోకుండా ఇంటికి పోతే వాడి వెంబడి చావు కూడా గడప దాటి వస్తుందని ఊరి నమ్మకం. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పిలిచేవాడు వయసులో పెద్దవాడై ఉండాలి. చిన్నవాడు పిలిస్తే చచ్చినవాడికి వినపడదు. అందుకే లేపేవాడు ఎప్పుడూ చచ్చే వేషం వెయ్యడు.

నిజం చెప్పాలంటే ఏకాంబరానికి ఏ వేషమూ ఎవరూ ఇవ్వలేదు. కుర్రవాడుగా ఉన్నప్పుడు ఒకసారి బురుజు మీది కాపలావాడి వేషం ఇచ్చారు. ఒకటే మాట, ఎవరక్కడ అనాలి. సమయానికి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఆ మాట మద్దెలాయన అందుకోవలసి వచ్చింది. ఏడాది పొడుగునా ఊళ్లో పిల్లలు ఆయన కనపడితే చాలు, ఎవరక్కడ అని కేకేసేవారు. మరుసటి ఏడు ఏకాంబరం నాయన చెంబు చేతికిచ్చి, నీకు ఇదే సరి, పేర్లు గుర్తుంటే చాలు అన్నాడు. పేర్లు ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. మొదట్లో తనకంటే చిన్నవాళ్లను మాత్రమే లేపేవాడు, పెద్దవాళ్లను నాయన లేపేవాడు. తర్వాత నాయన పోయాడు, మేళంలో పెద్దవాళ్లూ ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు మేళంలో ఏకాంబరమే పెద్ద. అందరినీ ఆయనే లేపుతాడు.

బక్కమనిషి. ముందు తల బట్ట, వెనక కాస్త తెల్లజుట్టు, ముఖానికి మించిన చెవులు. నడిచేటప్పుడు కుడిభుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది, మామిడి బుట్టలు మోసిన అలవాటు. పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు ఢిల్లీబాబు ఆ ఇంట్లోనే అన్నం తిని పెరిగాడు. వాడికి మీసం రాకముందు నుంచీ నాటకంలో పాళెగాడి కొడుకు వేషం వాడిదే. ఇప్పుడు పెళ్లాం హేమశ్రీతో వేరుగా ఉంటూ, చిత్తూరులో బోరు మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. గొంతు మంచిది, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, చావడంలో ఆ చుట్టుపక్కల వాడిని మించినవాడు లేడని పేరు.

ఆ పేరు విని వచ్చిన వాడే రవిచంద్ర. చిత్తూరులో పుట్టి పెరిగినవాడు, వాళ్ల అవ్వది గుండ్లపల్లె. హైదరాబాదులో రెండు సినిమాలు తీశాడు. ఇప్పుడు కోట తలుపును ఈ కాలపు యుద్ధం చేసి మూడో సినిమా తీస్తున్నాడు. కోట పోయి సరిహద్దులో సైన్యం శిబిరం వచ్చింది. పాళెగాడు కల్నల్ అయ్యాడు, కోట తలుపు ఇనుప గేటు అయింది, అమ్మవారి ముందు పెట్టిన ఒట్టు పైనుంచి వైర్‌లెస్‌లో వచ్చిన ఉత్తరువు అయింది. కొడుకు లెఫ్టినెంట్. ఆ వేషానికి హైదరాబాదు నుంచి హీరో వచ్చాడు. వెంట చచ్చే నలుగురు జవాన్లలో ఒకడు ఢిల్లీబాబు. అందరికంటే చివర, గేటు మీద చెయ్యి వేసి చచ్చేది వాడే.

గుండ్లపల్లె పైన ఉన్న బోడికొండను సరిహద్దు చేశారు. మంచు తర్వాత కంప్యూటర్లో కురిపిస్తారట. అప్పటిదాకా జవాన్లందరూ దళసరి కోట్లు వేసుకుని, లోపల చెమటలు కక్కుతూ, పైకి చలికి వణకాలి. మొదటి రోజు మేనల్లుడి వెంట చూడ్డానికి పోయిన ఏకాంబరాన్ని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని నీళ్లు అందించే పనిలో పెట్టారు. అప్పటి నుంచి ఆయన అక్కడ నీళ్ల తాత.

కొండ మీదికి పోయే జీపులో ఢిల్లీబాబు మామ కాళ్ల దగ్గరున్న వైరుబుట్ట చూశాడు. తడిగుడ్డ కట్టిన చెంబు, దాని పక్కన వేపరెబ్బ. జీపులో తిరుపతి నుంచి వచ్చిన కుర్ర నటులు నలుగురైదుగురు ఉన్నారు. ఢిల్లీబాబు మామ చెవి దగ్గరికి వంగాడు.

"మామా, ఆ చెంబు ఆడ తియ్యొద్దు. అందురూ నగుతారు. నాటకం యేరు, ఇది యేరు. ఈడ కట్ అంటే లేసేస్తాము."

ఏకాంబరం బయటికి చూశాడు. రోడ్డు పక్క తోటల్లో మామిడి పూత పట్టి ఉంది. ఈ ఏడు కాపు బాగుంటుందని ఎవరైనా చెప్పగలరు.

"హేమశ్రీకి ఎన్నో నెల?" అన్నాడు.

"ఎనిమిది."

వాడు అన్న మాట ఆయనకు కష్టంగానే ఉంది. పదహారేళ్ల వయసులో మొదటిసారి చచ్చినప్పుడు, పిలవగానే లేచి తనను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చిన పిల్లవాడు వాడు. ఇప్పుడు నగుతారట. అయినా చెంబును కాళ్ల మధ్యకు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఉన్న ఇంటికి వాడిని అలా పంపించేది లేదని మనసులో గట్టిగా అనుకున్నాడు.

జీపు సగం దాకానే పోతుంది, తర్వాత నడక. దోవలో రెండుచోట్ల రాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఎడమచెయ్యి మోచేతి దాకా బరువుగా ఉంటే బుట్టను కుడిచేతికి మార్చుకున్నాడు.

రవిచంద్రకు మంచినీళ్లు ఇచ్చేటప్పుడు సంగతి కదిపాడు. మొదటి రోజే ఒకసారి అడిగి ఉన్నాడు, అప్పుడు చూద్దాంలే అన్నాడు రవిచంద్ర. ఈసారి గ్లాసు చేతిలో పట్టుకుని, నిజంగానే ఆలోచించి బదులు చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. హీరో ఆ సాయంత్రమే విమానానికి పోవాలి, బాంబుల వాళ్లు ఒక పేలుడు కోసం పొద్దుటినుంచి తీగలు వెతుక్కుంటున్నారు, ఆయనకు తల తిరిగిపోతోంది.

"మామా, నువ్వు లేపేది మా అవ్వ ఒళ్లో కూసోని సూసినా నేను. అదంటే నాకూ ఇష్టమే. కానీ సినిమాలో పెట్టను. యుద్ధంలో సచ్చినోళ్లని ఎవురూ లేపరు. సూసేవాళ్లకి ఆ బాధ ఉండాల."

"సినిమాలో వొద్దప్పా, సినిమా నీది. కెమెరా మూసినాక వాడు నా మేనల్లుడు గదా. అప్పుడు లేపతా. రవంత సేపు అందురూ గమ్మనుంటే సాలు."

రవిచంద్ర పడమటికి చూశాడు. చివరి షాట్ సాయంత్రపు ఎండలో తియ్యాలి, అది అయ్యాక చీకటి పడేలోగా సామాన్లు కొండ దించాలి. వెలుతురు మిగిలితే చూద్దామని చెప్పి వెళ్లిపోయాడు. మిగలదని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం ఢిల్లీబాబు చావు మొదలుపెట్టారు. పొగలోనుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు, తూటా తగిలింది, మోకాళ్ల మీద పడ్డాడు, పాకుతూ వచ్చి ఇనుప గేటు మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి కమ్మీల మీదుగా నెమ్మదిగా జారి కిందికి వచ్చింది. నాటకంలో అయితే ఇక్కడ పెద్ద పాట ఉంటుంది. ఇక్కడ పాట లేదు, గేటు కమ్మీలకు చేతి ఉంగరం గీసుకున్న చప్పుడు ఒక్కటే. నీళ్ల డబ్బా పక్కన నిలబడి చూస్తున్న ఏకాంబరం పాట ఉంటేనే నయమనుకున్నాడు.

కట్ అనగానే ఢిల్లీబాబు లేచి నిలబడి దుమ్ము దులుపుకున్నాడు. పక్కవాడు ఏదో అంటే నవ్వాడు. అంతలో మామ వైపు చూసి తల దించుకున్నాడు. మళ్లీ తీశారు, మళ్లీ చచ్చాడు, మళ్లీ లేచాడు. ఏకాంబరం తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు. ఇది నాటకానికి ముందు వాకిట్లో చేసుకునే రిహార్సల్ లాంటిదే, అప్పుడు చచ్చినవాళ్లను ఎవరూ లేపరు. ఏది చివరిదో అదే చావు. దాని తర్వాత చూసుకుందాం.

చివరి షాట్‌లో ఎవరూ నటించే పని లేదు. గేటు ముందు అయిదుగురూ పడి ఉంటారు, కెమెరా క్రేన్ మీద పైకి పోతూ వాళ్లను చూపిస్తుంది. అన్నీ సర్దుకున్నాక చూస్తే నాలుగే శవాలున్నాయి. తిరుపతి కుర్రాడొకడు పొగ పట్టక వాంతులు చేసుకుని అంబులెన్సులో పడుకున్నాడు. మిగతా వాళ్లంతా శత్రువుల వేషంలో ఉన్నారు, లేదంటే ఆ కుర్రాడి ఒడ్డూ పొడుగూ కలవదు. పొద్దు కొండ అంచు మీదికి వచ్చేసింది. అసిస్టెంట్ డైరెక్టర్ పల్లవి, తిరుపతి అమ్మాయి, పొద్దుటినుంచి వాకీటాకీ పట్టుకుని పరుగులు తీస్తూనే ఉంది. చుట్టూ చూసి నేరుగా నీళ్ల డబ్బా దగ్గరికి వచ్చింది. బక్కగా ఆ పిల్లాడిలాగే ఉన్నాడు ముసలాయన, ముఖం ఎలాగూ కనపడదు.

"తాతా, ఒక్క మనిషి తక్కువైనాడు. మీరు పడుకుంటే సాలు."

"నేను సావనమ్మా," అన్నాడు ఏకాంబరం. "నాకంటే పెద్దోళ్లు లేరు."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. చెంబు సంగతీ, పేర్ల సంగతీ, ఎనిమిదో నెల సంగతీ, లేపేవాడు ఎందుకు చావకూడదో కూడా. మాటలు చేతకాని మనిషి, వెనకదీ ముందుదీ కలిపేసి చెప్పాడు. పల్లవి ఆ రోజు మొదటిసారి ఒకచోట నిలబడి, వాకీటాకీ నొక్కిపెట్టి, చివరిదాకా వింది. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో కూడా ఇలాంటివేవో ఉన్నాయి కాబోలు.

"మీరు పడుకుంటే ఎలుతురు ఉండంగానే అయిపోతాది తాతా," అంది. "అయినాక అయిదు నిమిషాలు ఈ కొండ మీద ఎవర్నీ కదలనీను. మీ పని మీరు చేసుకోండి. నాది పూచీ."

ఏకాంబరం మేనల్లుడి వైపు చూశాడు. వాడు అప్పటికే గేటు పక్కన తన చోట పడుకుని ఉన్నాడు, మేకప్ మనిషి మెడకు నెత్తురు పూస్తున్నాడు. తాను పడుకుంటే తనను లేపేవాళ్లు లేరు, అది నిజమే. కానీ తన ఇంట్లో నిండు చూలాలు లేదు. అరవై దాటిన ఇద్దరు ముసలివాళ్లున్నారు, అంతే. ఎటు మొగ్గాలో తేల్చుకోవడానికి ఆయనకు ఎక్కువ సేపు పట్టలేదు.

డ్రెస్సుల వ్యాను కింద జీపులు ఆగేచోట ఉంది. అక్కడి దాకా పోయి రావడానికి టైము లేదని మనిషిని పరుగెత్తించి కోటూ ప్యాంటూ తెప్పించారు. ఏకాంబరం బండ చాటుకు పోయి తెల్లచొక్కా విప్పి ఇస్తే, ఆ మనిషి దాన్ని చేతి మీద వేసుకుని వ్యానుకు తీసుకుపోయాడు. కోటు పచ్చ మచ్చలది, భుజాల దగ్గర వదులు. బూట్లు కూడా వదులే, నడుస్తుంటే పాదం ఒకచోట బూటు ఒకచోట పోతున్నాయి. నెత్తురు చక్కెర పాకంతో చేసినట్టుంది, పూయగానే ఈగలు వచ్చాయి. చెంబును గేటు పక్కన ఇసుక బస్తా వెనక, లేవగానే అందేటట్టు పెట్టుకున్నాడు. ఇవన్నీ చేస్తుంటే రొమ్ములో రాత్రిటి నొప్పి మళ్లీ కదిలింది. గ్యాసే అనుకున్నాడు.

పల్లవి ఆయనను ఢిల్లీబాబు పక్కన పడుకోబెట్టి, ఒక చెయ్యి కింద మడిచి, తల పక్కకు తిప్పింది. మామా అల్లుడూ ముఖాముఖి అయ్యారు. ఇద్దరి ముక్కుల మధ్య జానెడు ఎడం లేదు.

"మామా, నువ్వు యాల పండుకుంటివి?" అన్నాడు ఢిల్లీబాబు గుసగుసగా.

"నిన్ను లేపేదానికి."

ఢిల్లీబాబు కళ్లలో నీళ్లు నిండాయి. నెత్తురు చెరిగిపోతుందని తుడుచుకోలేకపోయాడు. "పొద్దన జీపులో నేను అన్న మాట..."

"సచ్చినోళ్లు మాట్లాడకూడదు. కండ్లు మూసుకో," అన్నాడు ఏకాంబరం.

ఎవరో ఇంగ్లీషులో కేకేశారు. క్రేను కిర్రుమని కదిలింది. కొండ మీద మాట అణిగిపోయింది.

బండ ఇంకా వెచ్చగా ఉంది. ఏకాంబరం కళ్లు మూసుకుని ఉన్నాడు. జీవితమంతా ఆయన చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాడు గాని, పడుకున్నవాళ్లకు ఎలా ఉంటుందో ఎన్నడూ తెలియలేదు. ఏమీ కనపడదు. చుట్టూ జనం ఉన్నట్టు తెలుస్తూ ఉంటుంది, అంతే. ఎవరో ఒకరు వచ్చి తన పేరు పిలిస్తే బాగుండునని మాత్రం అనిపిస్తుంది. అందుకే కాబోలు కొందరు వస్తాండా అనేటప్పుడు గొంతు అలా పూడుకుపోయేది. నాయన ఉంటే ఇప్పుడు వచ్చి పిలిచేవాడు. నాయన గొంతు పెద్దది, మూడు వీధులకు వినపడేది.

నొప్పి అప్పుడు వచ్చింది. రొమ్ము నడుమ నుంచి లేచి, భుజంలోకి, దవడలోకి ఎక్కింది. లేచి కూర్చోవాలనిపించింది, మోకాలు ముడుచుకోవాలనిపించింది. కదిలితే మళ్లీ తియ్యాలి. మళ్లీ తియ్యాలంటే వెలుతురు ఉండదు, వెలుతురు లేకుంటే ఆ పిల్ల ఇస్తానన్న అయిదు నిమిషాలూ ఉండవు. ఏకాంబరం పళ్లు బిగబట్టి, మడిచిన చేతి వేళ్లను బండకు నొక్కిపెట్టి, కదలకుండా ఉన్నాడు. క్రేను చప్పుడు పైకి పైకి పోతోంది. ముఖం మీద ఈగ వాలింది. కాసేపటికి ఈగ వాలిన సంగతి ఆయనకు తెలియలేదు.

షాట్ బాగా వచ్చింది. కట్ అన్నాక మిగిలిన ముగ్గురూ లేచారు, హీరో ఫోను అందుకుని జీపు వైపు పోయాడు. పల్లవి మాట నిలబెట్టుకుంది. కొండ మీద ఎవరూ కదలొద్దని, లైట్లు కూడా ముట్టుకోవద్దని వాకీటాకీలో చెప్పింది. విషయం తెలిసిన రవిచంద్ర తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయనను చూసి మిగతావాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తితే పక్కవాళ్లు దించమన్నారు. యాభై మంది మనుషులు, గేటు ముందు పడుకున్న ఇద్దరి వైపు చూస్తూ, ముసలాయన ఎప్పుడు లేస్తాడా అని నిలబడ్డారు.

ఢిల్లీబాబు లేవలేదు. పొద్దుటినుంచి కట్ అన్న ప్రతిసారీ లేచినవాడు ఇప్పుడు లేవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, చిన్నప్పటి నుంచి పడుకున్నట్టే పడుకుని, మామ బూట్ల చప్పుడు కోసం విన్నాడు. మామ లేస్తాడు, చెంబు అందుకుంటాడు, మూతికి కట్టిన గుడ్డ విప్పుతాడు. ఇన్నేళ్లలో ఆ వరస ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు మాత్రం ఏ చప్పుడూ లేదు. వయసు కదా, నిదానంగా లేస్తాడనుకున్నాడు. ఉదయం అన్న మాటకు మామ ఇంకా బాధపడుతున్నాడేమో, అది కూడా అనుకున్నాడు. ముఖం మీద నీళ్లు పడతాయని చెంపలు బిగించుకుని ఎదురుచూశాడు.

అయిదు నిమిషాలూ అలాగే గడిచాయి. మనుషులు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారారు. ఎండ గేటు మీది నుంచి పోయింది. ఢిల్లీబాబు కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి, పక్కనున్న చేతిని తడిమాడు. బండకు నొక్కుకున్న ఆ వేళ్లను పట్టుకుని, విడదియ్యబోయాడు.

"మామా," అన్నాడు.

అంబులెన్సు నర్సు పరుగెత్తుకొచ్చి చెయ్యవలసినవన్నీ చేశాడు. రొమ్ము మీద రెండు చేతులూ వేసి చాలాసేపు నొక్కాడు. తర్వాత మణికట్టు వదిలి, రవిచంద్ర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పల్లవి వాకీటాకీ కింద పెట్టి, ఇసుక బస్తా మీద కూలబడి ఏడ్చింది. తానే పడుకోబెట్టానని, తల కూడా తానే తిప్పానని మళ్లీ మళ్లీ చెప్పుకుంది.

జీపు పోయి మునిలక్ష్మిని తీసుకొచ్చింది. నడిచే దోవలో పల్లవి చెయ్యి పట్టుకోబోతే వద్దంది. పైకి వచ్చాక మొదట మొగుడి ముఖం చూసింది, తర్వాత ఆయన వేసుకున్న కోటు చూసింది. పక్కన కూర్చుంది. నెత్తుటి మీద మూగిన ఈగలను కొంగుతో తోలింది. గట్టిగా ఏడుస్తుందని అందరూ అనుకున్నారు, ఆమె ఏడవలేదు. ఢిల్లీబాబు ఇంకా అక్కడే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేవమని రవిచంద్ర చెప్పాడు, నర్సు చెప్పాడు, ఎవరి మాటా వినలేదు. ముఖాన పూసిన పాకం మీద కన్నీళ్లు చారలు కట్టాయి.

"నన్ను ఇంకా పిలవలేదు అత్తా," అన్నాడు.

మునిలక్ష్మి చెంబు యాడ అని అడిగింది. పల్లవి బస్తా వెనకనుంచి తెచ్చిచ్చింది. ఆడవాళ్లు లేపిన ఆచారం గుండ్లపల్లెలో ఏనాడూ లేదు. ఆమె గుడ్డ విప్పింది, వేపరెబ్బ ముంచింది, వాడి ముఖాన చిలకరించింది. పసుపు సరిగ్గా సరిపోయింది, వాడి కళ్లు మండలేదు.

"ఢిల్లీబాబూ, లేసి రా నాయనా. ఇంటికి పోదాం."

ఆమె తొందరపెట్టలేదు, రెబ్బ పట్టుకుని అలాగే ఉంది. చివరికి వస్తాండా అన్నాడు. లేచి కూర్చుని అత్త భుజం మీద ముఖం పెట్టుకున్నాడు.

రవిచంద్ర టోపీ నలుపుతూ దగ్గరికి వచ్చాడు. చెంబులో ఇంకా నీళ్లున్నాయి. మామను కూడా పిలుస్తావా అత్తా అని అడగలేక అడిగాడు. రవిచంద్ర చిన్నప్పుడు అవ్వ ఒళ్లో కూర్చుని చూసిన వాడు, అలా అడగడంలో తప్పేమీ లేదు.

మునిలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"వొద్దు నాయనా. ఊరందుర్నీ లేపి లేపి అలిసిపోయినాడు. పండుకోనీ."

మిగిలిన నీళ్లు కొంగు మీద ఒంపుకుని, ఆయన మెడకూ చెంపలకూ పూసిన చక్కెర నెత్తురును తుడిచింది. అది తొందరగా పోలేదు, చెంబు ఖాళీ అయ్యేదాకా తుడిచింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన పేరు ఆమె నోటితో అనలేదు, ఆ సాయంత్రం కూడా అనలేదు. చీకటి పడేలోగా దించాలని ఆయనను ఆ పచ్చమచ్చల కోటులోనే, ఆ వదులు బూట్లతోనే కిందికి మోసుకుపోయి అంబులెన్సు ఎక్కించారు. బట్టలు మార్చాలని ఎవరికీ తోచలేదు.

తర్వాతి వారం హైదరాబాదులో డ్రెస్సుల వ్యాను తెరిచి సర్దేటప్పుడు జవాన్ల బట్టల్లో ఒక జత తక్కువ వచ్చింది. దాని బదులు ఆ వరసలో, మసి పట్టిన కోట్ల నడుమ, కాలరు చిరిగిన చోట తెల్లదారంతో సన్నగా కుట్టిన ఒక పాత తెల్లచొక్కా, పై గుండీ పెట్టి హ్యాంగరుకు తగిలించి ఉంది.